ఇరవై మంది చేతులు, ఒకే కుట్టు: చర్చికి మోకాళ్ళ దిండ్లు కుట్టే సమగ్ర మార్గదర్శి

ప్రార్థనలో మోకరించేందుకు, జల్లెడలా రంధ్రాలుండే కాన్వాస్ మీద ఊలుతో కుట్టే మోకాళ్ళ దిండ్లు ఒక్కరు చేస్తే ఏళ్ళు పడుతుంది, సంఘమంతా పంచుకుంటే ఏడాదిలో ముగుస్తుంది. చిక్కల్లా ఇరవై మంది కుట్టాక అవి ఇరవై రకాలుగా కనిపించడం. దానికి చేతి నేర్పు లేకపోవడం కారణమయ్యేది తక్కువ. ఎవరికి వారు వేరే కాన్వాసు, వేరే కుట్టు, వేరే లాట్ (ఒకేసారి రంగు అద్దిన సరుకు) ఊలు వాడటమే చాలాసార్లు అసలు కారణం. అందుకే ఈ మార్గదర్శిలో సగం సూది పట్టకముందు చేసే పని గురించే.

ఇక్కడి కొలతలన్నీ ఒక మామూలు దిండుకు: పైభాగం 12 × 9 అంగుళాలు, ఎత్తు 3 అంగుళాలు. మీ బల్లల మధ్య జాగా వేరుగా ఉంటే కొలతలు మార్చుకోండి, లెక్క వేసే తీరు మాత్రం ఇదే.

1. ఊలు కొనేముందు తేల్చుకోవాల్సినవి

తగిలిస్తారా, కింద పెడతారా? ఆరాధన లేనప్పుడు దిండ్లు బల్ల వెనక కొక్కేనికి వేలాడతాయంటే రింగు పొట్టి అంచుకు వస్తుంది. అప్పుడు బొమ్మ నిలువుగా, 12 అంగుళాల ఎత్తున నిలబడాలి. నేల మీదే ఉంటాయంటే బొమ్మ అడ్డంగా ఉన్నా ఫరవాలేదు. ఇది చివర్లో గుర్తుకొస్తే పావురాలన్నీ పక్కకు పడుకుని వేలాడతాయి.

సిలువ ఎక్కడ? మోకాళ్ళు మోపే చోట, పొరపాటున చెప్పు తగిలే చోట సిలువ గుర్తు గానీ ప్రభువు ముఖం గానీ పెట్టడానికి చాలామంది మనసొప్పదు. కుట్టడం మొదలయ్యాక ఈ చర్చ లేస్తే పని ఆగిపోతుంది. ముందే సంఘ పెద్దల దగ్గర తేల్చి రాసి పెట్టుకోండి. పైభాగంలో గోధుమ కంకులు, ద్రాక్ష గుత్తి, చేప, దీపం, లంగరు, ఒలీవ కొమ్మ లాంటివి పెట్టి, సిలువను పక్క పట్టీకి పరిమితం చేయడం అందరికీ నచ్చే మార్గం.

నేల రంగు. బొమ్మ వెనక పరుచుకునే రంగు దిండ్లన్నింటికీ ఒకటే ఉండాలి. ఊదా, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ అని కాలానుసారం మార్చేది బలిపీఠం వస్త్రాన్ని, ప్రసంగ వేదిక గుడ్డను. దిండ్లు ఏడాది పొడవునా అవే ఉంటాయి కాబట్టి ఏ కాలానికీ ఎబ్బెట్టు కాని ముదురు రంగు చూసుకోండి: ముదురు నీలం, ముదురు ఆకుపచ్చ, ద్రాక్షరంగు. తెలుపు, గోధుమరంగు నేలలు మొదటి ఏడాదే మాసిపోతాయి.

2. సామాను

- కాన్వాస్: అంగుళానికి 10 రంధ్రాలది, ఒంటిపోగు అల్లికది. అందరికీ ఒకే తానులోంచి కత్తిరించాలి.
- ఊలు: టేపెస్ట్రీ ఊలు, అంటే కాన్వాసు మీద కుట్టడానికే చేసేది. స్వెటర్లు అల్లే ఊలు సాగుతుంది, కాన్వాసు రంధ్రాల్లో రాపిడికి త్వరగా నూగు లేస్తుంది. ఒకసారి కుట్టాక దానికి మందు లేదు.
- సూది: మొద్దు మొన టేపెస్ట్రీ సూది, 18వ నంబరు. మొన పదునుగా ఉంటే కాన్వాసు పోగును చీలుస్తుంది.
- ఫ్రేము: కర్ర బద్దల చట్రం. గుండ్రటి రింగు వద్దు, అది కాన్వాసును ఒకే చోట నలిపేస్తుంది.
- అంచు పట్టీ: మాస్కింగ్ టేపు లేదా నూలు పట్టీ. కాన్వాసు కొసలు ఊలును గీరి చింపేస్తాయి.

డబ్బు ఆదా చేయాలనుకుంటే ఫ్రేముల్లో చేయండి, పాత చెక్క చట్రాలు బాగానే పనికొస్తాయి. కాన్వాసులో, ఊలులో మాత్రం రాజీ పడకండి.

3. లెక్క

పైభాగం 12 × 9. నాలుగు వైపులా 3 అంగుళాల గోడలు కలిస్తే 18 × 15. చుట్టూ 2 అంగుళాల ఖాళీ వదిలితే ఒక్కో ముక్క 22 × 19 అంగుళాలు. నాలుగు మూలల్లోని 3 × 3 చదరాలు కుట్టరు, అవి చివర్లో మడత లోపలికి పోతాయి.

కాన్వాసు పన్నా 100 సెం.మీ. అయితే అడ్డంగా 19 అంగుళాల ముక్కలు రెండు పడతాయి. 20 దిండ్లకు 10 జతలు, జతకు 22 అంగుళాల పొడవు, అంటే 220 అంగుళాలు. 6 మీటర్లు కొంటే నమూనా ముక్కలకు కాస్త మిగులుతుంది. అన్ని ముక్కల్లోనూ తాను అంచు ఎడమకో కుడికో ఉండాలి, పైకీ కిందికీ రాకూడదు. కత్తిరించగానే ప్రతి ముక్క ఖాళీ అంచు మీద "పైన" అని రాసేయండి.

కుట్టే విస్తీర్ణం: పైభాగం 108 చదరపు అంగుళాలు, గోడలు 126, మొత్తం 234. అంగుళానికి 10 రంధ్రాలు కాబట్టి 23,400 కుట్లు. పని ఒప్పుకునే వాళ్ళకు ఈ అంకె ముందే చెప్పండి. చదరపు అంగుళానికి పావుగంట పడితే 58 గంటల పైచిలుకు. రోజుకు అరగంట చొప్పున నాలుగు నెలలు, మానేసిన రోజులు కలుపుకుంటే ఆరు.

ఊలు లెక్కకు డబ్బా మీద అంకెను నమ్మకండి. మీ కాన్వాసు మీద, మీ ఊలుతో ఒక చదరపు అంగుళం కుట్టి చూడండి. 45 సెం.మీ. పోగులు రెండు పూర్తిగా, మూడోది ముప్పావు వంతు పట్టిందనుకుందాం. అంటే 1.24 మీటర్లు. దాన్ని 234తో గుణిస్తే 290 మీటర్లు, తరుగుకు 15 శాతం కలిపితే దిండుకు సుమారు 335 మీటర్లు. అందులో 70 శాతం నేల రంగే అయితే 20 దిండ్లకు దాదాపు 4,700 మీటర్ల ఒకే రంగు కావాలి.

ఆ 4,700 మీటర్లూ ఒకే అద్దకం లాట్‌లో, ఒకేసారి కొనాలి. లాట్ నంబరు మారితే చేతిలో ఉన్నప్పుడు తేడా తెలియదు, కుట్టాక కిటికీ వెలుగులో గీత గీసినట్టు కనిపిస్తుంది. తప్పనిసరై రెండు లాట్లు వస్తే ఒకదాన్ని పైభాగాలకు, రెండోదాన్ని గోడలకు వాడండి. మడత దగ్గర వెలుగు ఎలాగూ మారుతుంది కాబట్టి కన్ను పట్టుకోదు.

4. డిజైను

గ్రాఫ్ కాగితం మీద ఒక గడికి ఒక కుట్టు. పైభాగం నిలువుగా 120 గళ్ళు, అడ్డంగా 90. చుట్టూ ఒకే కొలతలో కంచె పట్టీ, మధ్యలో ఎవరి గుర్తు వారిది: ఇలా చేస్తే గుర్తులు ఎంత వేరైనా వరుసలో పెట్టినప్పుడు దిండ్లు ఒకే ఇంటివిలా ఉంటాయి.

చిన్న వివరాలు తగ్గించండి. అంగుళంలో పదే గళ్ళు కాబట్టి పావురం కన్ను ఒక్క కుట్టు, ఒలీవ ఆకు ఐదారు కుట్లు. ముఖాల జోలికి అసలు పోవద్దు.

తెలుగు అక్షరాలు పెట్టాలంటే జాగా ఎక్కువ తీసుకోండి. ఇంగ్లీషు పెద్దక్షరం 7 గళ్ళ ఎత్తులోనే కుదిరిపోతుంది. మన అక్షరాల వంపులకు 20 నుంచి 25 గళ్ళయినా లేకపోతే "వ" ఏదో "మ" ఏదో తేలదు, ఒత్తు ఉంటే కింద ఇంకో పదో పన్నెండో కావాలి. ఒత్తుల్లేని మాటలు ఎంచుకోవడం తెలివైన పని: "వెలుగు", "దీవెన", "సమాధానము" కుదురుతాయి. "క్రీస్తు" అని రాయాలంటే పక్క గోడ 30 గళ్ళ ఎత్తు పూర్తిగా వాడాలి.

గుర్తును కాన్వాసు మీద గీస్తారా, గ్రాఫ్ చూసి లెక్కపెట్టి కుట్టుకుంటారా అన్నది మీ ఇష్టం. గీస్తే మాత్రం పెన్నును పరీక్షించాలి: తుక్కు కాన్వాసు మీద గీసి, ఒక రోజు ఆరనిచ్చి, పైన తెల్ల ఊలు కుట్టి, బాగా తడిపి చూడండి. పెన్ను మీద "వాటర్‌ప్రూఫ్" అని రాసి ఉన్నా ఈ పరీక్ష మానకండి. సిరా దిగేది చివర్లో తడిపి సాగదీసేటప్పుడు, అంటే ఆరు నెలల పని అయిపోయాక.

5. నమూనా ముక్క కుట్టనిదే కాన్వాసు ఇవ్వొద్దు

ప్రతి ఒక్కరూ ముందు 4 × 4 అంగుళాల ముక్క కుట్టి తేవాలి. మొహమాటం వద్దు, బాగా వచ్చినవాళ్ళకూ ఇదే నియమం. ముక్కలన్నీ బల్ల మీద పక్కపక్కన పరిచి మూడు సంగతులు చూడండి: కుట్టు ఒకే వైపు వాలిందా, కాన్వాసు తెల్లగా తొంగిచూస్తోందా, ముక్క పలకలా ఉందా లేక వంకరగా లాగేసిందా.

బిగువు ఒకరికొకరికి తేడా ఉండటం సహజం. అందుకే ఒక దిండు మొత్తం ఒకరే కుట్టడం మేలు. పంచుకోక తప్పకపోతే గుర్తు ఒకరు, కంచె ఒకరు కుట్టవచ్చు గానీ, నేల రంగు మాత్రం మొదటి నుంచి చివరి దాకా ఒకే చెయ్యి కుట్టాలి. విశాలమైన ఒకే రంగులో చేయి మారిన చోటు దాగదు.

చూపు ఆనని వాళ్ళకు, చేతులు వణికే వాళ్ళకు కూడా పని ఉంది: ఊలు 45 సెం.మీ. ముక్కలుగా కత్తిరించడం, అంచు పట్టీలు వేయడం, రిజిస్టరు రాయడం, చివర్లో ఫోమ్‌కు గుడ్డ తొడగడం.

6. సంచి

ప్రతి సంచిలో ఉండాల్సినవి:

- ☐ అంచు పట్టీ వేసిన కాన్వాసు, "పైన" గుర్తుతో
- ☐ రంగుల గ్రాఫ్
- ☐ తూచి ఇచ్చిన ఊలు, లాట్ నంబరు చీటీతో
- ☐ సూదులు 2
- ☐ ఆ వ్యక్తి కుట్టిన నమూనా ముక్క
- ☐ దిండు నంబరు, ఇచ్చిన తేదీ, తనిఖీ తేదీలు రాసిన కార్డు

ఇవే వివరాలు రిజిస్టరులోనూ ఎక్కించండి. ఊరు మారే వాళ్ళు, జబ్బుపడే వాళ్ళు ఉంటారు, సంచి ఎవరి దగ్గర ఉందో తెలియాలి. మిగిలిన ఊలు వెనక్కి తీసుకోండి, మరమ్మతులకు అదే ఆధారం.

7. కుట్టు: బాస్కెట్‌వీవ్ టెంట్ స్టిచ్

టెంట్ స్టిచ్ అంటే పోగులు దాటుకునే ఒక కూడలి మీద ఏటవాలుగా పడే చిన్న కుట్టు. దాన్ని మూడు రకాలుగా కుట్టవచ్చు, ఎదుటివైపు నుంచి చూస్తే మూడూ ఒకేలా ఉంటాయి: హాఫ్ క్రాస్, కాంటినెంటల్, బాస్కెట్‌వీవ్. తేడా అంతా వెనకవైపే. హాఫ్ క్రాస్‌లో వెనక ఊలు దాదాపు ఉండదు, మోకాళ్ళ ఒత్తిడికి త్వరగా అరుగుతుంది, ఒంటిపోగు కాన్వాసు మీద జారుతుంది కూడా. కాంటినెంటల్ కాన్వాసును ఒక పక్కకు గుంజి వంకర చేస్తుంది. బాస్కెట్‌వీవ్‌లో వెనక ఊలు బుట్ట అల్లికలా పరుచుకుని మెత్త పరుస్తుంది, కాన్వాసు కూడా పెద్దగా లాగదు. ఊలు కాస్త ఎక్కువ పడుతుంది, పట్టనివ్వండి. ఒంటి గీతలు, అక్షరాలు వచ్చిన చోట మాత్రమే కాంటినెంటల్ వాడండి.

పద్ధతి

1. పోగు 45 సెం.మీ. మించకూడదు. పొడుగు పోగు ప్రతి రంధ్రంలోనూ రాసుకుని చివరికి సన్నబడిపోతుంది.
2. ముడి వెనక వేయకండి. కొసకు ముడి వేసి, కుట్టే చోటుకు అంగుళం అవతల ఎదుటివైపు నుంచి సూది దించండి. కుట్లు ఆ పోగును వెనక కప్పేశాక ముడిని కత్తిరించేయండి. వెనక మిగిలిన ముడి మోకాలికి రాయిలా తగులుతుంది.
3. ప్రతి కుట్టూ ఎడమ కింది రంధ్రంలో పైకి వచ్చి కుడి పై రంధ్రంలో దిగాలి. ఎక్కడా మార్పు లేదు.
4. పై కుడి మూలలో మొదటి కుట్టు. రెండోది దాని ఎడమ పక్కన. మూడోది మొదటిదాని కింద. నాలుగోది మూడోదాని కింద. అక్కడి నుంచి ఐమూలగా పైకి ఎక్కండి.
5. పైకెక్కే వరుసలో సూది వెనక రెండు పోగుల కింద అడ్డంగా పోతుంది. కిందికి దిగే వరుసలో రెండు పోగుల కింద నిలువుగా పోతుంది. సూది వాలుగా పోయిందంటే దారి తప్పినట్టే.

పడుగు, పేక చూడండి. కాన్వాసును దగ్గరగా చూస్తే, పోగులు దాటుకునే ఒక చోట పడుగు (నిలువు పోగు) పైన ఉంటుంది, పక్క చోట పేక (అడ్డపోగు) పైన ఉంటుంది. నిలువు పోగు పైకి కనిపించే కూడళ్ళ మీద దిగే వరుస, అడ్డపోగు పైకి కనిపించే కూడళ్ళ మీద ఎక్కే వరుస. నిలువు పోగును స్తంభం అనుకోండి, జారి దిగుతాం. అడ్డపోగును మెట్టు అనుకోండి, ఎక్కుతాం. ఇది పట్టుబడితే కాన్వాసులో ఎక్కడ మొదలుపెట్టినా రెండు చోట్ల కుట్టినవి వచ్చి సరిగ్గా కలుస్తాయి.

ఇది పట్టించుకోకపోతే ఏమవుతుంది? రెండు ఎక్కే వరుసలు గానీ రెండు దిగే వరుసలు గానీ పక్కపక్కన పడి, నేల రంగులో ఐమూలగా సన్నటి గాడి తేలుతుంది. తర్వాత ఎంత సాగదీసినా అది పోదు. మామూలుగా ఈ తప్పు జరిగేది పని ఆపి మళ్ళీ కూర్చున్నప్పుడు. అందుకే వరుస పూర్తిచేసి లేవకండి, వరుస మధ్యలో ఆపండి. ఎటు వెళ్తున్నారో కాన్వాసే చెబుతుంది.

ఎడమచేతి వాళ్ళు కాన్వాసును తలకిందులు చేసి కుట్టుకోవచ్చు. సగం చుట్టు తిప్పినా కుట్టు వాలు మారదు. పావు చుట్టు తిప్పితే మాత్రం వాలు ఎదురవుతుంది, అది ఎవరూ చేయకూడదు.

ముందు గుర్తు, తర్వాత కంచె, చివరికి నేల. లేత రంగు తర్వాతే ముదురు రంగు కుట్టండి, ముదురు ఊలు నూగు లేత కుట్లలో చిక్కుకుంటుంది. వెనక నుంచి ఒక చోటి నుంచి ఇంకో చోటికి అంగుళం కంటే ఎక్కువ దూరం పోగు లాక్కుపోవద్దు. చేతులకు క్రీము రాసుకుని కుట్టకండి.

8. తనిఖీ, మరమ్మతు

పదిహేను రోజులకోసారి అందరూ కాన్వాసులు తేవాలి. తనిఖీ వెనకవైపు నుంచి మొదలుపెట్టండి. బుట్ట అల్లిక కనిపించాలి. ఏటవాలు గీతలు బారులు తీరితే కాంటినెంటల్ కుట్టేస్తున్నారు. నిలువు పుల్లల్లా ఉంటే హాఫ్ క్రాస్. తర్వాత కిటికీకి ఎత్తి పట్టండి, వదిలేసిన కుట్టు దగ్గర వెలుగు చుక్క దిగుతుంది.

- కాన్వాసు తొంగిచూస్తోంది: బిగువు ఎక్కువ, లేదా పోగు మెలిపడింది. సూదిని వదిలేసి వేలాడదీస్తే మెలిక దానంతటదే విడిపోతుంది.
- పోగు మధ్యలో సన్నబడింది: పోగు పొడవు ఎక్కువైంది, లేదా ఊలును ఎదురు దిశలో లాగుతున్నారు. రెండు వేళ్ళ మధ్య నడిపి చూస్తే ఒక దిశలో నునుపు తెలుస్తుంది, ఆ దిశలోనే ఎక్కించండి.
- తప్పు రంగు, తప్పు గడి: చిన్న కత్తెరతో ఎదుటివైపు నుంచి కుట్టు కత్తిరించి వెనక నుంచి లాగండి. విప్పిన ఊలుతో మళ్ళీ కుట్టవద్దు.
- కాన్వాసు పోగు తెగింది: కంగారు పడకండి. అదే కాన్వాసు ముక్కను చిరుగు కంటే చుట్టూ అంగుళం పెద్దగా కత్తిరించి, వెనక రంధ్రానికి రంధ్రం సరిపెట్టి, రెండు పొరల్నీ కలిపి కుట్టేయండి.
- లెక్క ఒక గడి తప్పింది: గుర్తులో అయితే తరచూ సర్దుకుపోతుంది. కంచెలో అయితే విప్పాల్సిందే, మూల దగ్గర కలవదు.

9. తడిపి సాగదీయడం

ఎంత జాగ్రత్తగా కుట్టినా కాన్వాసు కాస్త వంకరపోతుంది. దిండు కట్టేముందు దాన్ని చదరానికి తేవాలి. ఇస్త్రీ పెట్టె దగ్గరికి రానివ్వకండి, ఊలు అణిగిపోతుంది.

మెత్తటి చెక్క బోర్డు మీద అంగుళం గళ్ళ కాగితం, దాని మీద పారదర్శకమైన ప్లాస్టిక్ పరచండి. కాన్వాసును బోర్లా పెట్టి, నీళ్ళు చిమ్మి చెమ్మ చేయండి, నానబెట్టే పని లేదు. తుప్పు పట్టని మేకులు ముందు నాలుగు వైపులా మధ్యలో, అక్కడి నుంచి మూలల వైపు, అంగుళానికి ఒకటి. మేకులు ఖాళీ అంచులోనే దిగాలి. గళ్ళ కాగితంతో అంచు కలిసిందాకా లాగండి, బాగా వంకరపోతే ఇద్దరు పట్టాలి.

నీడలో, బోర్డు పడుకోబెట్టి ఆరబెట్టండి. పైన ఆరినట్టున్నా లోపల చెమ్మ ఉంటుంది, కనీసం రెండు రోజులు. చెమ్మగా తీస్తే మళ్ళీ వంకర తిరుగుతుంది. అలా జరిగితే ఇంకోసారి తడపడమే.

10. దిండు కట్టడం

ఈ పని ఇద్దరు ముగ్గురే అన్ని దిండ్లకూ చేయాలి. ఎవరి దిండు వారు కడితే ఎత్తులు కలవవు.

1. మూలలు: గోడ అంచులు రెండూ ఎదురెదురుగా తెచ్చి, నేల రంగు ఊలుతో ఎదుటివైపు నుంచే రంధ్రానికి రంధ్రం కలిపి కుట్టండి. రెండు వైపులా 30 రంధ్రాలు ఉండాలి, ఒకటి తగ్గినా మూల మెలి తిరుగుతుంది. కుట్టాకే లోపలి కాన్వాసును అర అంగుళం మిగిల్చి కత్తిరించండి. ముందు కత్తిరిస్తే పోగులు ఊడిపోతాయి.
2. లోపలి మెత్త: తుక్కు ఫోమ్‌ను అదిమి చేసే గట్టి రీబాండెడ్ ఫోమ్, 3 అంగుళాల మందం. మంటకు త్వరగా అంటుకోని రకం అడిగి తీసుకోండి. పొడవు, వెడల్పు తొడుగు కంటే పావు అంగుళం ఎక్కువ ఉంటేనే తొడుగు బిగువుగా కూర్చుంటుంది. సోఫాల మెత్తటి ఫోమ్ ఏడాదిలో పల్లమవుతుంది.
3. కోరా గుడ్డ తొడుగు: ఫోమ్‌కు నేరుగా కాన్వాసు తొడగకండి. కోరా నూలు గుడ్డతో ముందు చుట్టి కుట్టేస్తే ఫోమ్ పొడి రాలదు, మూలలు నిండుగా వస్తాయి.
4. లాగి కట్టడం: ఖాళీ అంచును అడుగుకు మడిచి, గట్టి నార దారంతో ఎదురెదురు అంచుల్ని అటూ ఇటూ లాగి కట్టండి. ముందు పొడవు వైపు, తర్వాత పొట్టి వైపు. పైనున్న కంచె పట్టీ సరిగ్గా మడత మీద కూర్చుందో లేదో లాగుతూనే చూసుకోవాలి.
5. రింగు: నూలు పట్టీలోంచి రింగు ఎక్కించి, పట్టీని రెండు అంగుళాలు అడుగు కిందికి తెచ్చి గట్టిగా కుట్టండి. దిండు బరువంతా దానిదే.
6. అడుగు గుడ్డ: ముదురు రంగు మందపాటి నూలు గుడ్డ. రెక్సిన్ తుడవడానికి సులువే గానీ చెమ్మను లోపలే ఉంచేస్తుంది. వంపు సూదితో కనబడని కుట్టు వేయండి.

అడుగున చిన్న నూలు చీటీ: దిండు నంబరు, సంవత్సరం, కుట్టినవారి పేరు. పేరు పైకి కనిపించేలా వద్దు, ఇరవై పేర్ల దగ్గర ఇరవై తగాదాలు వస్తాయి.

11. వాడుకలోకి వచ్చాక

నెలకోసారి పైన వల గుడ్డ కప్పి వాక్యూమ్‌తో దుమ్ము తీయండి. మరక పడితే అద్దాలి గానీ రుద్దకూడదు. ఊలుకు అసలు శత్రువు చిమ్మట, అది చీకట్లో, కదిలించని దిండ్లలో చేరుతుంది. సన్నటి చిల్లులు, ఇసుకలాంటి రాలు కనిపిస్తే ఆ దిండును ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా కట్టి, −18 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. తీశాక సంచి విప్పకుండా ఒక రోజు బయట పెట్టాలి, లేకపోతే నీటి చెమ్మ ఊలుకు పడుతుంది.

ముందు అరిగేది పైభాగం చుట్టూ ఉన్న మడత వరుస. అక్కడ కాన్వాసు కనిపించడం మొదలవగానే రిజిస్టరులో లాట్ నంబరు చూసి, దాచిన ఊలు తీసి, ఆ వరుస వరకూ విప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు.